నిలువు గీత

తాళంచెవి మొదటిసారి తిరగలేదు. రెండోసారీ తిరగలేదు. మూడోసారి ఆమె కావాలనే ఎదురువైపు తిప్పి, "అబ్బే, నా వల్ల కావడం లేదండీ" అని చేతులెత్తేసింది.

పక్కన నిలబడ్డ బిల్డింగ్ సూపర్‌వైజరుకు ఓపిక నశించింది. "అలా కాదు మేడం, ఇటివ్వండి" అంటూ తన తాళంచెవి లాక్కున్నాడు. ఎడమచేత్తో హ్యాండిలు పట్టి కాస్త పైకి లేపి, కుడిచేత్తో తిప్పాడు. లిఫ్టు కంట్రోలు పెట్టె తలుపు చప్పుడు లేకుండా తెరుచుకుంది.

ఆమె గడియారం చూసుకుని నోటుబుక్కులో రాసుకుంది. పదీ ఐదు.

"హ్యాండిలు పైకి లేపాలని మీకెవరు చెప్పారు?"

"ఎవరు చెప్పేదేముంది? అందరికీ తెలిసిందే."

"పోలీసులకిచ్చిన స్టేట్‌మెంటులో ఆ పెట్టె ఏనాడూ ముట్టుకోలేదన్నారు. పదకొండో పేజీ, కింది నుంచి మూడో లైను."

సూపర్‌వైజరు నీళ్ళు నమిలాడు. "మెకానిక్ తెరుస్తుంటే చూశానండి."

"మెకానిక్‌ది ఒకటో నంబరు తాళంచెవి. దాంతో తెరవడానికి హ్యాండిలు లేపక్కర్లేదు. మీరు రాకముందే కంపెనీ వాళ్ళిచ్చిన ఒకటో నంబరుతో నాలుగుసార్లు తెరిచి చూశాను. ఇది రెండో నంబరు. డూప్లికేటు. పళ్ళు సరిగా కోయలేదు కాబట్టి దీనికే ఆ కిటుకు కావాలి. రెండో నంబరు మీ నడుముకు తప్ప ఇంకెవరి నడుముకూ వేలాడదు కదా?"

అతను తాళాల గుత్తి మీద చెయ్యి వేసి కప్పుకున్నాడు. కప్పుకోవాల్సిన సమయం ఎప్పుడో దాటిపోయింది.

ఆమె ప్రైవేటు డిటెక్టివు. అంతకుముందు ప్రభుత్వ ఫోరెన్సిక్ ల్యాబులో కంప్యూటర్ల విభాగంలో ఇరవై రెండేళ్ళు చాకిరీ చేసింది. అక్కడివాళ్ళు పెట్టిన పేరు చాదస్తం. ఒక రిపోర్టును నాలుగుసార్లు సరిచూసే మనిషికి ఇంకేం పేరు పెడతారు? ఉద్యోగం వదిలి ఆరేళ్ళయినా ఆ పేరు మాత్రం ఆమెను వదల్లేదు. పిలవగా పిలవగా ఆమే పలకడం మొదలుపెట్టింది.

కేసు చూస్తే రెండు ముక్కల్లో తేలిపోయేదే. మూడు నెలల కిందట ఒక లిఫ్టు మెకానిక్ ఈ పదకొండంతస్తుల భవనానికి నెలవారీ తనిఖీకి వచ్చాడు. తనిఖీ కోసం ఈ పెట్టెలోని ఒక మీట కిందికి వంచాడు. ఆ మీట వంచితే బ్రేకులు పనిచేయవు. పని అయ్యాక మళ్ళీ పైకి లేపి, పెట్టెకు తాళం వేసి, పదకొండూ పదికి సంతకం పెట్టి వెళ్ళిపోయానంటాడు. ఒంటిగంటా నలభైకి లిఫ్టు తొమ్మిదో అంతస్తు నుంచి కిందపడింది. రెండు నెలల్లో రిటైర్ కావాల్సిన లిఫ్టు ఆపరేటరు అందులోనే పోయాడు. వచ్చి చూస్తే మీట కిందికి వంగే ఉంది.

మీట లేపడం మెకానిక్ మర్చిపోయాడా, లేక అతను వెళ్ళాక ఇంకెవరైనా పెట్టె తెరిచి వంచారా? మొత్తం కేసు ఈ ఒక్క ప్రశ్న మీదే నిలబడింది. ఈరోజు సాయంత్రం నాలుగింటికి తీర్పు. ఏడేళ్ళు తప్పవని అతని ప్లీడరే చేతులు దులిపేసుకున్నాడు. మెకానిక్‌కు తల్లీ తండ్రీ లేరు, పెంచి పెద్దచేసింది అక్క. బట్టలు కుట్టి బతికే ఆ అక్కను వీధంతా టైలరమ్మ అంటుంది. పది రోజుల కిందట ఆమె చాదస్తం గడప తొక్కి, "మావాడు మీట మర్చిపోయే రకం కాదక్కా. ఇంట్లో ఫ్యాను ఆపాడో లేదో అని సందు చివర నుంచి వెనక్కి వచ్చేవాడు" అంది. సాక్ష్యం అంటే ఆమె దగ్గర ఉన్నది అదొక్కటే.

"ఆ రోజు పన్నెండున్నరప్పుడు లిఫ్టు ఎంతకీ రాలేదని ఇక్కడివాళ్ళన్నారు. ఎక్కడ ఇరుక్కుంది?" చాదస్తం అడిగింది.

"ఏడో అంతస్తు దగ్గర..." అని సూపర్‌వైజరు నాలుక కరుచుకున్నాడు. "అంటే, ఇరుక్కుందని నేనెప్పుడన్నాను?"

"ఇప్పుడే అన్నారు."

"మేడం, నాకు ఇద్దరు ఆడపిల్లలండీ."

"పోయిన ఆపరేటరుకూ ఇద్దరేనండి."

అతని మొహం ఒక్క క్షణం మెత్తబడింది. ఇంకొక్క మాట పడితే నిజం చెప్పేసేవాడే. కానీ అతనికి తన నెత్తిన గొడుగులా ఉన్న ల్యాబు రిపోర్టు గుర్తొచ్చింది.

"ల్యాబు రిపోర్టు చూశారా మీరు? ఈ పెట్టె ఎప్పుడు తెరిచినా మెషీను దానంతటదే రాసుకుంటుందట. మెకానిక్ వెళ్ళాక ఎవరైనా తెరిచారా అని ల్యాబువాళ్ళు వెతికారు. జవాబేమొచ్చింది? సున్నా. గవర్నమెంటువాళ్ళు సున్నా అన్నాక మీరెవరండీ నన్ను అడగడానికి?" అంటూ పెట్టె మూసి తాళం వేశాడు. ఈసారి హ్యాండిలు లేపకుండా తిప్పడానికి ప్రయత్నించాడు. తాళం పడలేదు. చివరికి ఆమె వంక చూడకుండానే హ్యాండిలు లేపి తాళం వేసి, మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

అదంతా చూసింది చాదస్తం ఒక్కతే. కోర్టులో చెబితే, అలా జరగనే లేదని అతనంటాడు. సాక్షి లేదు, సంతకం లేదు. ఆ సున్నా ఉన్నంతకాలం ఈ మనిషిని ఎవరూ కదిలించలేరు. కదలాల్సింది ముందు ఆ సున్నాయే.

* * *

పదకొండూ నలభైకి ల్యాబు గేటు దగ్గర ఫోను అప్పగించి టోకెను తీసుకుంది. లోపలికి ఎవరూ ఫోను తీసుకెళ్ళకూడదన్న నియమం పెట్టింది కూడా ఒకప్పుడు ఆమే. వెంట వచ్చిన టైలరమ్మను బయట బల్ల మీద కూర్చోబెట్టింది.

విభాగాధిపతి గదిలో మెరుపు ఉన్నాడు. అదీ ల్యాబు పెట్టిన పేరే. ఒకప్పుడు ఆమె దగ్గర పని నేర్చుకున్నాడు. ఆమె ఒక రిపోర్టు తయారుచేసేలోపు ఐదు చేసి చూపించేవాడు. పైవాళ్ళకు ఎవరు నచ్చుతారో వేరే చెప్పాలా?

"రండి గురువుగారూ. కూర్చోండి. ఏమిటిలా దారితప్పారు?"

"లిఫ్టు కేసు రిపోర్టు. వెతకడానికి ఏ కమాండు వాడారో చూపించు."

"అనుబంధంలో ఉంటుందిగా. డిఫెన్సువాళ్ళకిచ్చాం."

"డిఫెన్సు ప్లీడరుకు చివరి పేజీ చదివే అలవాటు మాత్రమే ఉంది. అనుబంధం కాగితాలు ఎవరికీ అందలేదు. చూపించు."

మెరుపు నవ్వుతూ ఫైలు ఆమె ముందుకు తోశాడు. దాచుకోవాల్సింది ఏదైనా ఉందని అతనికి నిజంగా తెలియదు. ఆ సంగతి చాదస్తానికి తడబడకుండా ఫైలు తోసిన అతని చెయ్యి చూస్తేనే అర్థమైంది.

లిఫ్టు మెషీను ప్రతి సంఘటననూ ఒక లైనుగా రాస్తుంది. సీలు వేసిన ఫైల్లో ఉన్నవి ఆ రోజు లిఫ్టు పడేదాకా రాసిన లైన్లు. ముందు టైము, తర్వాత ఒక అంకె. ఒకటో తాళంచెవితో పెట్టె తెరిచినా మూసినా 61. రెండో దాంతో అయితే 62. తాళంచెవి లేకుండా పగలగొడితే 71. నిమిషాలు, సెకన్లు అరవైకి చేరవు కాబట్టి ఈ అంకెలు టైముతో కలిసిపోవు. వెతకాల్సింది 62 గాని 71 గాని ఉన్న లైన్ల కోసం. ఫైల్లో ఉన్న కమాండు కూడా అదే. గ్రెప్ అనే పనిముట్టు పేరు, పక్కన కొటేషన్లలో 62|71, తర్వాత మెషీను రాసుకున్న ఆ లైన్ల ఫైలు పేరు. దాని కింద జవాబు: 0.

చాదస్తం కళ్ళజోడు తీసి తుడుచుకుని, పెట్టుకుని, మళ్ళీ చూసింది.

"ఇది గ్రెప్ కదా?"

"అవును, గ్రెప్పే."

"ఇదివరకు వాడే ఈగ్రెప్ ఏమైంది?"

"అది పాతబడింది గురువుగారూ. మూడేళ్ళ కిందట కొత్త మెషీన్లొచ్చాయి. వాటిలో ఈగ్రెప్ వాడితే ప్రతిసారీ పైన ఒక హెచ్చరిక లైను వస్తోంది. అది కాస్తా ప్రింటులో పడి కోర్టుకు వెళ్తోంది. ఇదేమిటి, మీ పనిముట్టు పాతదా అని ప్లీడర్లు యాగీ. అందుకని ఇకమీదట గ్రెప్పే వాడమని అందరికీ చెప్పేశాను. హెచ్చరికలో రాసింది కూడా గ్రెప్ వాడమనే."

"హెచ్చరిక పూర్తిగా చదివావా?"

"చదివాను."

"సగం చదివావు. గ్రెప్‌ను 'ఇ' గుర్తు తగిలించి వాడమని ఉంటుంది. ఆ గుర్తు ఏదీ?"

మెరుపు నవ్వు సన్నబడింది కానీ ఇంకా ఆరిపోలేదు. చాదస్తం లేచి నిలబడింది. ఈ పాఠం ఒకప్పుడు ఇదే గదిలో, ఇదే మనిషికి ఆమె చెప్పింది.

"మధ్యలో నిలువు గీత ఉంది చూడు. ఈగ్రెప్‌కు ఆ గీత అంటే 'లేదా'. అరవై రెండు లేదా డెబ్బై ఒకటి. ఆక్ అనే పనిముట్టు కూడా అలాగే అనుకుంటుంది. ఉత్త గ్రెప్‌కు ఆ గీత ఉత్త గీతే. ముందు వెనకకు వాలిన గీత పెట్టి అడిగితే తప్ప 'లేదా' అనుకోదు. సెడ్ అనే ఇంకో పనిముట్టు కూడా అంతే, అదీ కొన్ని మెషీన్లలోనే. కొన్నింట్లో అలా అడిగినా వినదు. ఒకే ఇంట్లో నలుగురు తోడికోడళ్ళు, ఉప్పుడబ్బా ఒక్కొక్కరు ఒక్కోచోట పెడతారు, వంటింట్లోకి వెళ్ళేముందు ఇవాళ వంట ఎవరిదో అడగండిరా అని నెత్తీనోరూ కొట్టుకున్నాను కదా!"

"గురువుగారూ..."

"నువ్వు వెతికింది అరవై రెండు కోసం కాదు, డెబ్బై ఒకటి కోసం కాదు. అరవై రెండు, పక్కన ఒక గీత, దాని పక్కన డెబ్బై ఒకటి, ఈ మూడూ అంటుకుని ఒకేచోట ఉన్న లైను కోసం వెతికావు. అలాంటి లైను ఏ లిఫ్టూ రాయదు. సున్నా కాక ఏమొస్తుంది?"

"తప్పయితే మెషీను తప్పని చెప్పేది కదా?"

"చెప్పదు! అదే కదా దాని దరిద్రం. నువ్వు అడిగింది లేదంది. నిజమే చెప్పింది. నువ్వు ఏం అడిగావో నీకే తెలియదు."

చాదస్తం చూపు గోడ మీదికి వెళ్ళింది. అక్కడ ప్లాస్టిక్ తొడుగులో పెట్టిన ఒక కాగితం వేలాడుతోంది. పదకొండేళ్ళ కిందట ఆమె స్వదస్తూరితో రాసిన పద్ధతి. ఆరు మెట్లు. మూడో మెట్టులో 'ఈగ్రెప్' అన్న మాటను ఎర్రసిరాతో కొట్టేసి, పైన 'గ్రెప్' అని రాసి, పక్కన మెరుపు పొట్టి సంతకం పెట్టాడు. అడుగున ఆమె పూర్తి సంతకం, తేదీ.

"నాలుగో మెట్టు చదువు" అంది.

మెరుపు చదవలేదు. అతనికి కంఠతా వచ్చు. తెలియనిదాని కోసం వెతికే ముందు, ఫైల్లో కచ్చితంగా ఉందని తెలిసినదాన్ని అదే పద్ధతిలో వెతికి చూడండి. అది దొరకకపోతే తప్పు ఫైలుది కాదు, మీది.

"ఆ మెట్టు మానేశారు కదూ?"

"రోజుకు పదిహేను కేసులు వస్తాయి. టైం ఏదీ?" అతని గొంతు గట్టిపడింది. "సరే, ఇప్పుడేమంటారు?"

"ఇప్పుడే సరిగ్గా వెతికించి, రిపోర్టు సవరించి, నాలుగింటి లోపల కోర్టుకు పంపు. నలుగురి ముందూ నీ పరువు తీయడం నాకు సరదా కాదు. ఆ కుర్రాడు బయటికొస్తే చాలు."

"ఇదొక్కటే సవరిస్తే సరిపోతుందా?" మెరుపు కుర్చీలోంచి లేచాడు. "ఈ మూడేళ్ళలో ఈ ల్యాబు నుంచి గీత పెట్టి వెతికిన రిపోర్టులు రెండొందల పన్నెండు వెళ్ళాయి. ఏమీ దొరకలేదు అని రాసినవే అన్నీ. కొందరు జైళ్ళలో ఉన్నారు, కొందరు బయట తిరుగుతున్నారు. ఒక్క రిపోర్టు తప్పని నేను రాసిస్తే మిగతావన్నీ ఏమవుతాయి? ఈ ల్యాబు ఏమవుతుంది?"

"అంటే రెండొందల పన్నెండు తప్పులున్నాయి కాబట్టి ఒక్కటీ దిద్దనంటావు."

"ఆలోచించాలంటున్నాను."

"నాలుగింటి దాకా ఆలోచించు."

ఆమె తలుపు దాకా వెళ్ళింది. వెనక నుంచి అతని గొంతు మామూలుగా, దాదాపు ప్రేమగా వినిపించింది. "గురువుగారూ, ఆ కాగితం కింద సంతకం ఎవరిదో మర్చిపోకండి."

ఆ మాటను ఆమె బెదిరింపుగా తీసుకోలేదు. పక్కన ఎర్రసిరా ఉంది కదా, ఎవరు మార్చారో కళ్ళున్నవాడికి కనబడుతుంది అనుకుంది. ఫోను గేటు దగ్గర ఉండిపోవడం వల్ల ఆ గోడను ఫొటో తీయలేకపోయింది. జీవితంలో మొదటిసారి తను పెట్టిన నియమం మీద తనకే విసుగొచ్చింది.

* * *

"అసలు ఫైలు ఒకటుంటే నేనే వెతికి చూపించేదాన్ని" అంది చాదస్తం, కోర్టుకు వెళ్ళే దారిలో. "ల్యాబువాళ్ళు కాపీ ఇవ్వరు. సీలు వేసిన సరుకు."

"ఫైలంటే గుండ్రంగా, అద్దంలా మెరుస్తుంటుంది, అదా?"

చాదస్తం ఆగిపోయింది.

టైలరమ్మ సంచీలోంచి గుండీల డబ్బా తీసింది. డబ్బా అడుగున, దారపు ఉండల కింద, కాగితం కవరులో ఒక డిస్కు. "ప్లీడరుగారికి కోర్టువాళ్ళు రెండిచ్చారట. ఒకటి నీ దగ్గర ఉంచుకో, నాకేం అర్థం కాదు అని నా చేతిలో పెట్టాడు. నాకు మాత్రం ఏం అర్థమవుతుంది? పోగొట్టుకోకూడదని దీంట్లో పెట్టాను."

పది రోజులు. పది రోజులుగా అది ఈ సంచీలోనే తిరుగుతోంది. చాదస్తానికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. "అమ్మా తల్లీ, నువ్వు బంగారం" అంది.

రెండూ ఇరవైకి కోర్టు వరండాలో, రాతి బెంచీ మీద, పాత ల్యాప్‌టాప్ తెరిచింది. టైలరమ్మ పక్కన ఒదిగి కూర్చుంది. చాదస్తం ముందు నాలుగో మెట్టుతో మొదలుపెట్టింది. 61 అని వెతికితే రెండు లైన్లు వచ్చాయి. మెకానిక్ పెట్టె తెరిచింది పదీ నలభైకి, మూసింది పదకొండూ ఎనిమిదికి. ఉన్నది దొరుకుతోంది, ఫైలు బాగానే ఉంది. ఇప్పుడు 62|71. పనిముట్టు పేరు జాగ్రత్తగా కొట్టి, 'ఇ' గుర్తు తగిలించి, మీట నొక్కింది.

రెండు లైన్లు.

పన్నెండూ ఇరవై ఆరూ ఎనిమిది సెకన్లు, 62. పన్నెండూ ముప్పై ఒకటీ నలభై సెకన్లు, 62.

రెండో నంబరు తాళంచెవి. ఐదున్నర నిమిషాలు. ఏడో అంతస్తు దగ్గర ఇరుక్కున్న లిఫ్టును కదిలించడానికి సూపర్‌వైజరు పెట్టె తెరిచాడు, మీట వంచాడు, లిఫ్టు కదలగానే హడావుడిగా మూసేశాడు. మీట లేపడం మర్చిపోయింది అతను.

"వచ్చిందా?" టైలరమ్మ గుసగుసలాడింది. "ఏం వచ్చిందక్కా?"

"మీ తమ్ముడు ఫ్యాను ఆపే వెళ్ళాడమ్మా."

టైలరమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కాసేపటికి తేరుకుని, "మరి వాళ్ళకు సున్నా ఎలా వచ్చింది?" అని అడిగింది. ఆమె మెడలో ఎప్పుడూ వేలాడే కొలత టేపును చాదస్తం చేతిలోకి తీసుకుంది. ఒకవైపు అంగుళాలు, తిరగేస్తే సెంటీమీటర్లు.

"నడుము ముప్పై రెండు అని నీకు చీటీ రాసిచ్చాననుకో. నువ్వు ఏ వైపు చూస్తావు?"

"అంగుళాలే."

"తిరగేసి చూస్తే?"

"బొమ్మకు కూడా పట్టదు." టైలరమ్మ టేపు వైపు చూస్తూ ఉండిపోయింది. "ఇంతేనా? ఇంతదానికి మావాడు మూడు నెలలు లోపల ఉన్నాడా?"

చాదస్తం ఉత్త గ్రెప్‌తోనూ ఒకసారి వెతికి ఆ సున్నా కూడా తెప్పించింది. రెండు పనిముట్ల జవాబులూ పక్కపక్కనే ప్రింటు తీయించింది. మూడూ నలభైకి ప్లీడరు చేతిలో పెట్టింది. ఆయన తెల్లమొహం వేసినా, కాగితాలు మాత్రం గట్టిగా పట్టుకున్నాడు.

* * *

నాలుగింటికి జడ్జిగారు వచ్చి కూర్చున్నారు. మెకానిక్ బోనులో నిలబడ్డాడు. బాగా చిక్కిపోయాడు, చొక్కా భుజాల మీద నిలవడం లేదు. ఆ చొక్కా కుట్టిన అక్క ఆ భుజాలనే చూస్తోంది.

జడ్జిగారు ఓపికగా విన్నారు. చాదస్తం టేపు సంగతే చెప్పింది. ఆయన ఒకసారి నవ్వారు కూడా. రెండు ప్రింట్లనూ పక్కపక్కన పెట్టి చూశారు.

"అమ్మా, మీరు చెప్పేది సబబుగానే ఉంది. కానీ వరండాలో, మీ సొంత మెషీను మీద వచ్చిన దాన్ని సాక్ష్యంగా తీసుకోలేను. అలాగని కొట్టిపారేయలేను కూడా. ల్యాబునే మళ్ళీ వెతకమందాం. సీలు వేసిన అసలు ఫైలు వాళ్ళ దగ్గరే ఉంది. ఐదింటిదాకా తీర్పు ఆపుతున్నాను."

టైలరమ్మ చాదస్తం చెయ్యి పట్టుకుంది. ఆ పట్టులో కొండంత ఆశ ఉంది. చాదస్తానికీ ఆశ కలిగింది. ఎంత మెరుపైనా కోర్టు అడిగితే కాదనలేడు, ఒకప్పుడు నా దగ్గర పని నేర్చుకున్నవాడే కదా అనుకుంది. ఆ పది రోజుల్లో ఆమె హాయిగా ఊపిరి తీసుకున్నది అప్పుడొక్కసారే.

గుమాస్తా నాలుగూ పన్నెండుకు ఆ ఉత్తర్వు ల్యాబుకు పంపాడు. నాలుగూ ముప్పై ఒకటికి జవాబు వచ్చింది. పంతొమ్మిది నిమిషాలు. నిజంగా ఆలోచించేవాళ్ళకు సరిపోని టైం, ముందే ఆలోచించి పెట్టుకున్నవాళ్ళకు బోలెడు టైం.

గుమాస్తా కాగితాలు అందించాడు. జడ్జిగారు చదివారు. మళ్ళీ చదివారు. ఆయన మొహంలోని మెత్తదనం తగ్గుతూ రావడం చాదస్తం చూసింది.

"నిర్ణీత పద్ధతి ప్రకారం ఇద్దరు వేర్వేరుగా మళ్ళీ వెతికారట. సున్నా అనే వచ్చింది."

"అయ్యా, పద్ధతిలో తప్పుందనే నేను చెప్పేది. వాళ్ళు ఈగ్రెప్ వాడాలి..."

"పద్ధతి కూడా జత చేశారమ్మా." ఆయన రెండో కాగితం ఎత్తి పట్టుకున్నారు. "దయచేసి ఇది చూడండి."

గుమాస్తా తెచ్చి ఆమె చేతికిచ్చాడు. శుభ్రంగా టైపు చేసిన కాగితం. పైన పదకొండేళ్ళ కిందటి తేదీ. మెట్లు ఆరు ఉండాల్సిన చోట ఐదే ఉన్నాయి. తెలిసినదాన్ని ముందు వెతకమన్న మెట్టు లేదు. మూడో మెట్టులో 'గ్రెప్' అని ఉంది. కొట్టివేత లేదు, ఎర్రసిరా లేదు, పక్కన పొట్టి సంతకం లేదు. అడుగున మాత్రం ఆమె సంతకం ఉంది, ఆమె చేత్తో పెట్టిందే, గోడ మీది కాగితం నుంచి నకలు తీసి అతికించింది.

"ఇది నేను రాసింది కాదండీ. మార్చారు. అసలుది నా చేతిరాతలో ఉంటుంది. మధ్యాహ్నం కూడా ల్యాబు గోడ మీద చూశాను. ఇప్పుడే ఎవరినైనా పంపండి."

జడ్జిగారు గుమాస్తా వైపు చూశారు. గుమాస్తా ల్యాబుకు ఫోను చేసి, అడిగి, విని, పెట్టేశాడు. "గోడ మీద ఈ టైపు కాగితమే ఉందండి. చాలా ఏళ్ళుగా ఇదే ఉందంటున్నారు."

ప్రభుత్వ ప్లీడరు లేచాడు. గొంతు పెంచాల్సిన అవసరమే అతనికి రాలేదు. "అమ్మా, ఒక్కటే ప్రశ్న. ల్యాబులో ఇలాంటి పద్ధతి ఒకటి రాసిపెట్టింది మీరేనా, కాదా?"

"నేనే. కానీ..."

"అది తప్పయితే మీ సర్వీసులో మీరు సంతకం చేసిన రిపోర్టులన్నీ తప్పే. అది ఒప్పయితే ఈ సున్నా ఒప్పు. ఏదంటారు?"

"నేను రాసింది ఒప్పు. ఇది నేను రాసింది కాదు."

"ఆ సంతకం మీదేనా?"

చాదస్తం కాగితం వైపు చూసింది. జీవితమంతా ఉన్నది ఉన్నట్టు రాసి, ఉన్నది ఉన్నట్టు చెప్పి చాదస్తం అనిపించుకున్న మనిషి. కాదు అనొచ్చు. ఒక్క మాట. కానీ ఆ వంపు ఆమెదే, చివర పెట్టే చుక్క కూడా ఆమెదే. రేపు ఏ నిపుణుడిని పిలిచి చూపించినా ఆమెదేనంటాడు. ఇవాళ అబద్ధం ఆడితే ఆ కుర్రాడి తరఫున చెప్పిన నిజం కూడా దాంతోపాటే పోతుంది.

"సంతకం నాదేనండి" అంది.

ప్రభుత్వ ప్లీడరు కూర్చున్నాడు. జడ్జిగారు కాసేపు ఆమెనే చూసి, చూపు దించుకుని, ముందే రాసిపెట్టుకున్న తీర్పు తీశారు. బోనులో మెకానిక్‌కు ఏం జరిగిందో అర్థం కాలేదు. అక్క వైపు చూసి, బాగానే ఉందా అన్నట్టు కనుబొమలు ఎగరేశాడు.

టైలరమ్మ అతన్ని చూడటం లేదు. చాదస్తం చేతిలోంచి తన చెయ్యి మెల్లగా తీసేసుకుంది.

"అక్కా" అంది, ఎవరికీ వినపడనంత చిన్నగా. "మావాడిని లోపలేసిన ఆ కాగితం మీరు రాసిందేనా?"

జడ్జిగారు చదవడం మొదలుపెట్టారు.